వెర్లీన్ చెప్పిన మాట

"రేపట్నుంచి ఇంకో ఇద్దరికి సరిపడా పిండి కలుపు," అన్నాడు ఒతోనియెల్ గుమ్మంలో బూట్లు విప్పుతూ. "ఆసుపత్రిలో పాడైన మిషన్లు బాగుచేయడానికి డెన్మార్క్ నుంచి ఇంజనీర్లు వస్తున్నారు. జీతం గీతం ఏమీ లేదట, సేవ కోసమే వస్తున్నారట. మనింట్లోనే దిగుతారు. డైరెక్టరుగారికి మాటిచ్చేశాను."

"ఎన్నాళ్ళుంటారు?" అంది వెర్లీన్.

"అంత దూరం నుంచి ఊరికే పనిచేసి పెట్టడానికి వస్తుంటే ఎన్నాళ్ళుంటారని అడుగుతావా? మనసుండాలే." బూట్లు గోడవారకి నెట్టి మళ్ళీ అన్నాడు. "అన్నట్టు, నీకు ఆ ఇంగ్లీషు వచ్చుగా. ఆసుపత్రికి కూడా రా. వాళ్ళ మాట మాకు, మా మాట వాళ్ళకి చెబుదువుగాని. ఇంట్లో ఊరికే ఉండేదానివేగా."

ఆ ఇంగ్లీషు. వెర్లీన్ పిండిలో చేతులు పెట్టి అలాగే ఉండిపోయింది. తను పుట్టిన దీవిలో అందరిదీ అదే భాష. అమ్మమ్మ ఆ భాషలోనే తిట్టేది, ఆ భాషలోనే జోకొట్టేది. పెళ్ళయి ఓడ దిగి స్పానిష్ మాట్లాడే ఈ గడ్డ మీద అడుగు పెట్టిన వారానికే అత్తగారు దోన్యా ఉఫేమియా పేరు మార్చేసింది. 'వెర్లీన్ ఏమిటి, నోరు తిరగదు, వెర్లినా అంటాం' అంది. బిడ్డ పుట్టాక ఉయ్యాల దగ్గర వెర్లీన్ గొంతు తగ్గించి అమ్మమ్మ పాట పాడుతుంటే వెనక నిలబడి, 'నా మనవరాలికి ఆ బెస్తవాళ్ళ భాష అంటించకు, మొహానికి మచ్చలా ఉండిపోతుంది' అంది. ఒతోనియెల్ పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆ పిల్ల ఇప్పుడు హాస్టలు బడిలో ఇంగ్లీషు పరీక్ష తప్పితే, 'తల్లికి వచ్చికూడా నేర్పలేదు, ఏం తల్లో' అన్నది కూడా ఆవిడే. భాష కూడా పెళ్ళిగౌనులాంటిదే కాబోలు, ఎప్పుడు పెట్టెలో దాచాలో, ఎప్పుడు పైకి తీయాలో వాళ్ళే చెబుతారు.

వచ్చిన వాళ్ళలో పెద్దావిడ కిర్‌స్టెన్. ఉద్యోగం చాలించి, నెరిసిన జుట్టుని కుర్రాడిలా కత్తిరించుకున్న మనిషి. రెండోవాడు మాడ్స్, పాతికేళ్ళ పొడుగాటి పిల్లాడు, బీన్సూ మీగడా పెట్టి మడిచిన రొట్టెలు ఎన్ని పెట్టినా తినేవాడు. మొదటిరోజు తిన్న పళ్ళెం తనే కడగబోతే అత్తగారు లాక్కుంది. "మగపిల్లాడు గిన్నెలు తోముతుంటే గుడ్లప్పగించి చూస్తున్నావా?" అంది వెర్లీన్‌తో. మాడ్స్ ఆవిడేమందని అడిగాడు. "నువ్వు అలిసిపోయావంటోంది," అని చెప్పింది వెర్లీన్.

అలా మొదలైంది. తెల్లవారుతూనే పొయ్యి వెలిగించడం, అందరికీ పెట్టడం, మధ్యాహ్నం వంట సగం చేసి వాళ్ళతో సాన్ తిబుర్సియో ఆసుపత్రికి నడవడం. ఒతోనియెల్ అక్కడ మిషన్లు, కరెంటు చూసే విభాగానికి పెద్ద. అతని సామాన్ల గది నిండా ఎవరెవరో దానమిచ్చిన పాత సామాను, ఆక్సిజన్ ఇచ్చేవి, కఫం లాగేవి, గుండె చప్పుడు గీసేవి, దుమ్ము పట్టి ఒకదానిమీద ఒకటి. కిర్‌స్టెన్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కోటి విప్పుతుంటే పక్కన నిలబడి ఆవిడ అడిగింది స్పానిష్‌లో అడగడం, వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులో చెప్పడం వెర్లీన్ పని. మధ్యలో పరుగున ఇంటికి వెళ్ళి అత్తగారికి మందులిచ్చి, కూర దించి, మళ్ళీ రావడం. రోజంతా నోరు నొప్పి పుట్టేలా మాట్లాడేది, అందులో తన మాట ఒక్కటీ ఉండేది కాదు. అయినా పాడైన మిషను దీపం వెలిగినప్పుడు నర్సులు చప్పట్లు కొడుతుంటే తనకూ ఒళ్ళు పులకరించేది. ఆ సంతోషం ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ లాక్కుంటారని భయం.

ఒకరోజు ఒతోనియెల్ వాళ్ళని పసిబిడ్డల గదికి తీసుకెళ్ళాడు. నెలలు నిండకుండా పుట్టిన వాళ్ళని పైనుంచి వేడి తగిలేలా పడుకోబెట్టే బల్ల ఒకటుంది. అప్పుడప్పుడు ఆగిపోతోందన్నారు. నర్సు ఇదాలియా వెర్లీన్ చేయి పట్టుకుని గబగబా చెప్పింది. "ఆగిపోవడం కాదమ్మా, మితిమీరి కాలిపోతోంది. మొన్న ఒక బిడ్డ వీపు కందిపోయింది. వేడెక్కితే మోగే అలారం ఉండాలిగా, గోలగా ఉందని మీ ఆయనే దాని వైరు పీకేశాడు. చెప్పమ్మా వాళ్ళకి."

ఒతోనియెల్ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు చెదరకుండానే, "అదంతా అక్కర్లేదు. ఫ్యూజు పోయిందని చెప్పు," అన్నాడు.

కిర్‌స్టెన్ ఎదురుచూస్తోంది. వెర్లీన్ నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తన చెవులకే వినబడింది. "ఫ్యూజు పోయిందంటున్నారు."

ఫ్యూజు మార్చారు. దీపం వెలిగింది. "అంతా చెప్పావా అమ్మా?" అంది ఇదాలియా. "చెప్పాను," అంది వెర్లీన్. ఆ నర్సు నమ్మింది. భాష రానివాళ్ళు నమ్మక ఏం చేస్తారు?

ఆ సాయంత్రమంతా పెనం మీద రొట్టెలు మాడుతూనే ఉన్నాయి. 'ధ్యాస ఎక్కడ పెట్టావ్?' అని అత్తగారు అరుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తను మింగిన మాటలన్నీ తనవే. మింగితే తన కడుపే మండేది. ఈరోజు మింగింది తన మాట కాదు. ఎవరి బిడ్డో ఆ బల్ల మీద పడుకుని ఉంది, నోరు లేనిది. దాని తరఫున మాట్లాడాల్సిన నర్సుకి ఇంగ్లీషు లేదు. మాట్లాడగలిగిన తనకి ధైర్యం లేదు. మొగుడికి కోపం వస్తుందన్న భయం ఇంత దూరం పాకుతుందని, ముక్కూ మొహం తెలియని పసిగుడ్డు వీపు దాకా పోతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పొద్దున్నే పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర కిర్‌స్టెన్ తన బట్టలు ఉతుక్కుంటోంది. వెర్లీన్ వెళ్ళి పక్కన నిలబడింది. "నిన్న నర్సు ఫ్యూజు సంగతి చెప్పలేదు," అంది, మిగతాదంతా చెప్పేసింది.

కిర్‌స్టెన్ నిన్ననే ఎందుకు చెప్పలేదని అడగలేదు. సబ్బు చేతులతోనే ఆసుపత్రికి పరుగెత్తింది. బిడ్డని తీయించి, బల్ల మీద వేడి కొలిచి, మొహం పాలిపోయి ప్లగ్గు పీకేసింది. ఒంటి వేడిని కనిపెట్టే తీగ లోపల తెగిపోయి ఉంది. అదృష్టం, ఆ పూట బల్లమీదున్న బిడ్డకి ఏమీ కాలేదు. కొత్త తీగ వేసి, అలారం కలిపి, అది చెవులు హోరెత్తేలా మోగేదాకా కిర్‌స్టెన్ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఒతోనియెల్ ఇంటికొచ్చి తలుపేశాడు. "డైరెక్టరుగారి ముందు నా పరువు తీశావు."

"బిడ్డ కాలిపోయేది."

"కాలిందా? కాలలేదుగా?"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే," అంది అత్తగారు మంచం మీంచి. వాసాలు లెక్కపెట్టడానికైనా తలెత్తే తీరిక ఎప్పుడు దొరికిందని అనుకుంది వెర్లీన్.

"రేపట్నుంచి నువ్వు ఆసుపత్రికి రావక్కర్లేదు. డైరెక్టరుగారి మేనల్లుడు చెబుతాడు మాటలు. నువ్వు వంట చూసుకో."

మళ్ళీ పొయ్యి, తొట్టి, అత్తగారి మంచం. అదివరకూ అవే, కానీ అదివరకు అవి ఇల్లు. ఇప్పుడు గోడలు కనబడుతున్నాయి. భోజనాల దగ్గర ఆ మేనల్లుడు ఒకటికి ఇంకొకటి చెబుతుంటే, మాడ్స్ అయోమయంగా తలూపుతుంటే, గరిటె పట్టుకుని నోరు మూసుకుని నిలబడేది. పాలిచ్చే తల్లిని బిడ్డ ఏడుపు వినబడే దూరంలో కట్టేసినట్టుండేది.

వాళ్ళు వెళ్ళే ముందు ఆదివారం ఇంట్లో విందు. డైరెక్టరుగారూ వచ్చారు. కొబ్బరిపాలతో చేపల పులుసు, వేయించిన అరటికాయలు, అన్నీ ఆమె చేతివే. మేనల్లుడు ఫుట్‌బాల్ ఆటకి పోయాడు. అందుకని డైరెక్టరుగారు లేచి, "మన ఒతోనియెల్ ఇల్లూ మనసూ రెండూ తెరిచి అతిథుల్ని ఆదరించాడు" అంటుంటే ఆ మాటలు వెర్లీనే ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చింది. మార్చింది. ఒతోనియెల్ తలొంచి చిరునవ్వు నవ్వాడు.

అప్పుడు కిర్‌స్టెన్ చెంచా కింద పెట్టింది. "వెర్లీన్, ఇది నిన్ను అడుగుతున్నాను, అందరూ విననీ. మేము పడమటి కొండల్లోని ఆసుపత్రులకు వెళ్తున్నాం. వానలు మొదలయ్యేదాకా అక్కడే పని. మాకు మాటలు చెప్పే మనిషి కావాలి, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. నువ్వు వస్తావా?"

"ఏమంటోంది?" అన్నాడు ఒతోనియెల్.

వెర్లీన్ ఒక్క మాట వదలకుండా చెప్పింది. డైరెక్టరుగారు చేపముల్లు తీసుకుంటూ పళ్ళెంలోకి చూశారు. ఒతోనియెల్ నవ్వాడు, పసిబిడ్డల గదిలో నవ్విన నవ్వే.

"దానికి ఇష్టం లేదని చెప్పు. ఇల్లు వదిలి రాలేదని చెప్పు."

దానికి. వెర్లీన్ ఒక్క క్షణం ఆ మాట ఎవరి గురించో అన్నట్టు చూసింది. కుర్చీ వీపు పట్టుకుని కిర్‌స్టెన్ వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. "నాకు ఇష్టం లేదని నా భర్త అంటున్నాడు. ఇల్లు వదిలి రాలేనని అంటున్నాడు." ఊపిరి పీల్చుకుంది. "నేను వస్తానంటున్నాను."

మాడ్స్ మొహం వెలిగిపోయింది. అది చూసి ఒతోనియెల్ నవ్వు ఆగింది. "ఏం చెప్పావు?"

"నువ్వన్నది మొత్తం చెప్పాను," అంది స్పానిష్‌లో, అందరికీ వినబడేలా. "తర్వాత, నేను వెళ్తున్నానని చెప్పాను."

దోన్యా ఉఫేమియా కొడుకు మొహంలోకీ కోడలి మొహంలోకీ మార్చి మార్చి చూసి అడిగింది. "మరి వంటెవరు చేస్తారు?"

వెర్లీన్ ఆ మాట కూడా ఉన్నదున్నట్టు అతిథులకి ఇంగ్లీషులో చెప్పింది.