కుర్చీ వెనక మరక

అన్నయ్య పోయాక మా ఇంట్లో మిగిలిన అతి మొండి వస్తువు గోడమీది మరక. కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి పేపరు చదివేవాడు. ఏళ్ళ తరబడి అలా వాల్చిన నూనె తల గోడమీద అరచేతంత గోధుమరంగు గుర్తు వేసింది. బతికుండగా ఆ గోడ గురించి నేను అన్నయ్యతో పడని తగువు లేదు. పోయాక అటు చూడటమే మానేశాను.

నా ఉద్యోగమే మరకలు. పెయింట్ల కంపెనీలో కొత్త సరుకు తయారుచేసే విభాగం నాది. పాత మరకని పైకి తేలనివ్వకుండా గోడలోనే అణిచిపెట్టే తెల్లరంగు మీద పనిచేస్తున్నాను. జిగురు ఎంత, నీళ్ళెన్ని, పూతకీ పూతకీ మధ్య ఎంతసేపు ఆరాలి అనేవాటిని ఒక్కొక్కటిగా కాక కలిపి మారుస్తూ చూస్తాం. విడివిడిగా బుద్ధిగా ఉండేవి జోడీ కట్టాక ఏ వేషాలేస్తాయో ఎవరూ చెప్పలేరు. ఏ ప్రయోగం ముందు చేయాలన్నది కూడా మన ఇష్టానికి వదలకూడదు, వదిలితే మనం కోరుకున్న జవాబే వస్తుంది. అందుకని చీటీలు వేసి తీస్తాను. ఆఫీసులో నన్ను చీటీలక్క అంటారు.

వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. వేరే ఊళ్ళో తెరవబోయే కొత్త దుకాణం తనకి అప్పగిస్తామన్నారు. సరేనంది కానీ కాలు కదల్లేదు. ఒకరోజు నన్ను పిలిచి, ఆ గోడకి నీ రంగేదో వేసి చూడమంది.

“మరక పోతే వెళ్తాను. మీ అన్నయ్య వెళ్ళమన్నట్టే అనుకుంటాను.”

అమ్మ పక్కనే ఉంది. ఉతికిన బట్టలు మడతపెడుతూ ఉండిపోయింది.

ఆఫీసులో నూనె పూసి పరీక్షించే పలకలమీద అన్నిటికంటే బాగా నిలిచిన రకాన్ని తెచ్చి వేశాను. గోడ మల్లెపూవులా అయింది. వారం తిరక్కుండానే, ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి కుర్చీ వెనక మరక మళ్ళీ కనిపించింది. పలచగా, గుండ్రంగా, తల వెనకభాగమంత ఉంది.

మళ్ళీ వేశాను. జిగురు పెంచి వేశాను, ఎక్కువసేపు ఆరనిచ్చి వేశాను. వేసినప్పుడల్లా వచ్చింది. ఆఫీసులో అదే రంగు, అదే నూనె మీద చెక్కు చెదరలేదు. మా మేనేజరు మీ గోడకి చెమ్మ ఉందేమో అన్నాడు. చెమ్మా లేదు, నా మొహమూ లేదు. వదిన మాత్రం గోడ వంక చూసి, సగం సర్దిన పెట్టెని అటకెక్కించేసింది. అన్నయ్యకి ఇష్టం లేదనుకుంది కాబోలని నేననుకున్నాను. కొత్త దుకాణం వాళ్ళు వచ్చే నెలాఖరు దాకా చూస్తామని కబురు పెట్టారు.

ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్తే భయమేసేది. వీపు వెనక పేపరు తిప్పిన చప్పుడు విన్నట్టుండేది. నిజం చెప్పొద్దూ, సంతోషంగా కూడా ఉండేది. అన్నయ్య ఎక్కడికీ పోలేదు, ఈ గోడలోనే ఉన్నాడు అనిపించేది. మరక లోపలినుంచి వచ్చిందో, పైనుంచి అంటిందో వేలితో ఒక్కసారి రుద్దితే తెలిసిపోతుంది. మా పనిలో చేరిన మొదటిరోజే నేర్పే సంగతి అది. నేను మాత్రం రుద్దలేదు.

చివరికి నామీద నాకే ఒళ్ళు మండింది. రంగుని వదిలేసి ఇంటినే ప్రయోగానికి పెట్టాను. వదినా నేనూ పగలంతా పనిలోనే ఉంటాం కనక మార్చగలిగినవి రెండే. కుర్చీ అక్కడ ఉండటం, లేకపోవటం. అమ్మ ఇంట్లో ఉండటం, పిన్ని వాళ్ళింట్లో ఉండటం. ప్రతి విడతకీ ముందు గోడకి కొత్త పూత వేసేదాన్ని. చీటీ అలా వచ్చినప్పుడల్లా పిన్నికి ఒంట్లో బాగాలేదని బొంకి అమ్మని పంపించేదాన్ని. పిన్ని గుండ్రాయిలా ఉందని అమ్మ విసుక్కునేది. కుర్చీ ఉండి అమ్మ లేకపోతే గోడ శుభ్రంగా ఉంది. అమ్మ ఉండి కుర్చీ లేకపోయినా అంతే. రెండూ కలిస్తేనే మరక. దయ్యానికైతే ఇన్ని షరతులుండవు. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను.

అమ్మ, అన్నయ్య కుర్చీలో కూర్చుని, నూనె తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. అలికిడికి కళ్ళు తెరిచింది కానీ లేవలేదు.

“నీవల్లే వదిన ఆగిపోయిందమ్మా,” అన్నాను. నా గొంతు పెద్దదైంది.

“తెలుసే. ఇవాళ్టితో మానేస్తానని రోజూ అనుకుంటాను. ఇక్కడ తల పెడితే తప్ప కునుకు పట్టట్లేదు.”

నా కోపం చప్పున చల్లారిపోయింది. అన్నయ్య గోడలో లేడు. నా మటుకు నాకు అన్నయ్య ఆ మధ్యాహ్నం రెండోసారి పోయాడు.

సాయంత్రం వదిన రాగానే చెప్పేశాను. మండిపడుతుందనుకున్నాను. తను కళ్ళజోడు తీసి పైటకొంగుతో నెమ్మదిగా తుడుచుకుంది.

“మీ అన్నయ్య తల దీనికి బెత్తెడు పైన ఆనేది. మొదటిసారే చూశాను.”

ఇన్ని కొలిచిన నేను ఎత్తు కొలవలేదు.

“తెలిసీ ఎందుకు ఆగావు?”

“అత్తయ్య వెళ్ళొద్దని నోటితో ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే పోట్లాడైనా వెళ్ళిపోయేదాన్ని.”

పక్కగదిలో బట్టలు దులుపుతున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అమ్మ వచ్చి, అటకమీది పెట్టె దించమని నాకు పురమాయించింది. దించాక దాని దుమ్ము తనే తుడిచి వదిన ముందు పెట్టింది.

“వెళ్ళమంటున్నానమ్మా. నోటితోనే అంటున్నాను.”

వదిన ఆ పెట్టెమీదే తల పెట్టుకుని ఏడ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా తను అంతలా ఏడవలేదు.

నెలాఖరు లోపలే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తన దిండు అమ్మ మంచంమీద పెట్టింది. అమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు దానిమీద తల పెట్టి పడుకుంటోంది.

గోడకి ఆఖరిసారి రంగు వేశాను. బాగా ఆరాక, చూద్దామని వచ్చి, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ పూట తలకి నూనె పెట్టుకున్న సంగతి గుర్తు లేదు. అలసటకి తల దానంతటదే వెనక్కి వాలింది. ఈ ఇంట్లో అన్నయ్యంత పొడుగు నేనొక్కదాన్నే.

లేచి వెనక్కి తిరిగితే, అమ్మ మరక ఉండే చోటికి బెత్తెడు పైన, పలచగా తడి మెరుస్తోంది. రంగు మరకలు తుడిచే గుడ్డ నా చేతిలోనే ఉంది. తుడవలేదు.