పోయింది ఏ బిళ్ళ?

నేను ఒక బిళ్ళను. ఆ మాట వినగానే కొందరు నుదురు తడుముకుంటారు, కొందరికి జ్వరం గుర్తొస్తుంది. నేను బొట్టుబిళ్ళనూ కాను, మందుబిళ్ళనూ కాను. వ్యానులో డ్రైవరు పక్కగా పాటల పెట్టె ఉంటుంది చూడండి, దాని ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే గుండ్రటి మీటను. కంపెనీవాళ్ళు పెట్టిన పేరు నాకు వేరే ఉంది కానీ చోడవరం వైపు ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. నల్లటి ప్లాస్టిక్ ఒంటికి ముందువైపు బంగారు రంగు రేకు అంటించి ఉండేది కాబట్టి బిళ్ళ అన్నారు. ఆ పిలుపు ఒక ఇంట్లో ఇంత పని చేస్తుందని తెలిసి ఉంటే ఆ రేకును ఎప్పుడో రాల్చేసుకునేదాన్ని.

పుట్టింది అచ్చులో. నా తోబుట్టువులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో నాకు తెలియదు. నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి. పక్క సీట్లో భార్య మాట్లాడడం మొదలుపెట్టగానే నన్ను కుడివైపు తిప్పేవాడు, ఆమె మూతి ముడుచుకుని ఊరుకోగానే ఎడమవైపు తిప్పేవాడు. మగవాళ్ళు పాటలు వినేది ఇందుకేనని చాలాకాలం అనుకున్నాను. వ్యాను పాతబడ్డాక దాన్ని నూకరాజు కొన్నాడు. కిరాయిలకు తిప్పుకునే మనిషి. నవ్వు మొహం, తల్లి మాటంటే భయం.

నన్ను తిప్పిన చేతుల్లోకెల్లా మంచి చేయి అతని భార్య వరాలుది. కిరాయి లేనప్పుడు ఆమె ముందు సీట్లో ఎక్కి కూర్చునేది. నచ్చిన పాట రాగానే చటుక్కున ముందుకు వంగి నన్ను పెంచేది. "సెవులు పోతాయే!" అని నూకరాజు తగ్గించేవాడు. ఆమె మళ్ళీ పెంచేది. వాళ్ళ కాపురంలో నా వంతు పని ఎక్కువే, గర్వంగానే చేశాను. ఆ తిప్పుళ్ళకే లోపలి కన్నం అరిగి వదులయ్యాను. నూకరాజు దారం చుట్టి బిగించాడు. పట్టుకుని వేలాడడం తప్ప నాకు వేరే బాధ్యత ఏమీ లేదు.

అదీ చేయలేకపోయాను. వడ్డాదిలో వరాలు పెదనాన్నగారింటి నుంచి కొత్త చింతపండు తెచ్చుకుంటున్నారు. సంచీ మూతి తెరుచుకుని వరాలు కాళ్ళ దగ్గర ఉంది. పాట పెంచుదామని ఆమె నన్ను పట్టుకుంది, వ్యాను గోతిలో పడి లేచింది, నేను ఊడి ఆమె వేళ్ళ సందులోంచి జారి చింతపండులో కూరుకుపోయాను. వాళ్ళు కిందా మీదా వెతికారు. వరాలు సంచీలో కూడా చెయ్యి పెట్టి కెలికింది. కానీ అప్పటికే నన్ను చింతపండు నాలుగు వైపులా కమ్మేసింది. వేలు తగిలినా గింజ అనుకుని వదిలేసింది.

ఆ సంచీని తెచ్చి వసారాలో మేకుకు తగిలించారు. సంచీకి నా పక్కనే ఒక చిరుగు ఉంది. అందుకే తరవాత జరిగిందంతా నేను వినవలసీ చూడవలసీ వచ్చింది.

మర్నాడు నూకరాజు కిరాయి మీద అనకాపల్లి వెళ్ళాడు. అక్కడి నుంచి ఫోను చేశాడు. వరాలు నీళ్ళకు బోరింగు దగ్గరికి వెళ్ళింది. అతని తల్లి సన్యాసమ్మ ఫోను తీసింది. ఆమెకు ఫోనంటే చెవికి ఆనించుకుని ఊరుకోవడమే, అవతలివాళ్ళు ఆపాక గానీ నోరు విప్పదు. తీసింది పెళ్ళామే అనుకున్నాడు నూకరాజు. బజారు రొదకు అతను ఎంత గట్టిగా అరిచాడంటే మేకు మీద ఉన్న నాకూ వినబడింది.

"ఒలే, బిళ్ళ దొరికినాదేటి? నీ సేతిలోంచే గదా జారిపోనాది. దొరక్కపోతే పోనీ, ఇక్కడ అలాటిదే ఒకటి సూసినాను, అట్టుకొస్తాను. అమ్మకి మాత్తరం సెప్పకు, గోల సేస్తాది!"

ఫోను కట్ అయింది. సన్యాసమ్మ గుమ్మంలో కూలబడింది.

ఆ పక్క పుస్తెను కూడా బిళ్ళే అంటారు. ఒకప్పుడు శారదా నదిలో బట్టలుతుకుతుంటే సన్యాసమ్మ మెడలోని బిళ్ళ ఒకటి జారి నీళ్ళలో కలిసిపోయింది. ఆ వానాకాలమే ఆమె భర్తను పాము కరిచింది. ఆ రెండూ ఒకటేనని ఆమె నమ్మకం. నూకరాజుకు ఉగ్గుపాలతో ఆ కథే పోసింది. ఇప్పుడు కొడుకే స్వయంగా బిళ్ళ పోయిందని, తనకు చెప్పవద్దని అన్నాడు. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆమె కొడుకు ప్రాణానికి భయపడింది.

వరాలు నీళ్ళు తెచ్చి బిందె దించుతుంటే సన్యాసమ్మ లేచి ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది.

"నీ మెడ సూపించు."

"ఎందుకత్తా?"

"సూపించమన్నాను గదా."

"ఏటి జరిగినాది?"

సన్యాసమ్మ చెప్పలేదు. పుస్తెలతాడు తెగితే పెరిగిందనాలి తప్ప తెగిందనకూడదు. ఇక పుస్తే పోతే నోటితో అననే కూడదు, అంటే అయిపోతుందని భయం. బిళ్ళ పోయిందన్న ఆ ఒక్క మాట అని ఉంటే, "మెడలోది కాదత్తా, పాటల డబ్బాది" అని వరాలు అక్కడికక్కడే నవ్వేసేది. సన్యాసమ్మ అనలేదు. "నీ మొగుడే సెప్పినాడు. నా కాడ దాసమన్నాడు కూడాను" అని మాత్రం అంది.

వరాలు జాకెట్టు అంచు దాకా వెళ్ళిన చేతిని ఆపుకుంది. పుస్తెలు లోపలే ఉన్నాయి, తీసి చూపిస్తే క్షణంలో తేలిపోయేది. కానీ రెండేళ్ళు కాపురం చేసిన ఇంట్లో దొంగను సోదా చేసినట్టు మెడ విప్పి చూపించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఆయనే సెప్పినాడా? అయితే ఆయన్నే రానీ" అంది.

ఇద్దరూ అన్నం తినలేదు. నేను చింతపండులో ముక్కు మూసుకుని కూర్చున్నాను. కాస్త అటూ ఇటూ కదిలి కింద పడితే చాలు, టప్పుమని చప్పుడవుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ తిప్పకుండా నేను కదలలేను కదా. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం వ్యాను ఆగింది. నూకరాజు కాగితంలో కొత్త బిళ్ళ చుట్టుకుని ఈల వేసుకుంటూ దిగాడు. తల్లి ఎదురెళ్ళి అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. "నాయనా, దాని మెడలోది పోగొట్టుకుంటే నా కాడ దాస్తావేట్రా? మీ అయ్య ఎలాగ పోనాడో మరిసిపోనావేట్రా?"

వరాలు గుమ్మంలో నిలబడి భర్త ముఖంలోకే చూస్తోంది.

అతను నవ్వాడు. నవ్వి, "ఓలమ్మో, అది పాటల డబ్బా బిళ్ళే!" అన్నాడు, కాగితం విప్పి చూపించాడు. అంతా నిజమే. కానీ నవ్వుకు ముందు ఒక్క క్షణం అతని చూపు వరాలు మెడ మీదకు దిగింది. ఉందా లేదా అని చూసింది. అతని చొక్కాలో మొహం పెట్టుకుని ఏడుస్తున్న తల్లికి ఆ చూపు కనబడలేదు. వరాలుకు కనబడింది, సంచీ చిరుగులోంచి నాకూ కనబడింది.

వరాలు పసుపుతాడు పైకి లాగి రెండు బిళ్ళలూ అరచేతిలో పెట్టి అతని ముందు చాపింది.

"సూసుకో" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పులుసుకు చింతపండు నానబెట్టి పిసుకుతుంటే నేను సన్యాసమ్మ చేతికే దొరికాను. నన్ను కడిగి, చీర చెంగుతో తుడిచి, పట్టుకెళ్ళి కోడలి ముందు పెట్టింది. "ఇదేనా తల్లీ? దీనికేనా నాను..." అంటూ ఆగిపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వు బయపడ్డావత్తా. నీ తప్పేటీ నేదు" అని వరాలు ఆమె చేయి పట్టుకుంది. అన్నం కూడా ఆమే వడ్డించింది. నూకరాజుకు కూడా పెట్టింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. అంత మర్యాద వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ చూడలేదు నేను.

కొత్త బిళ్ళ బాగా బిగిసింది, దారం అక్కర్లేదు. నేను కిటికీ గూట్లో చేరాను. సన్యాసమ్మకు నన్ను పారేయడానికి చేతులు రాలేదు. ఎంతైనా బిళ్ళ అనే పేరు ఉంది కదా.

వారం గడిచాక నూకరాజు కిటికీ దగ్గరికి వచ్చాడు. వరాలు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అతను నన్ను తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఈ పాతదే మళ్ళీ ఎట్టీమంటావేటి?" అన్నాడు. ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది. "ఇంకా కోపమేనేటే?" అన్నాడు.

"కోపం ఏటీ నేదు మావా. ఆ దినం నువ్వు నా మెడ కేసి సూసినావు. నా మొకం సూసుంటే సరిపోయీది."

నూకరాజు నన్ను కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. నా బంగారు రేకు మీద పెచ్చు లేచిన చోట గోటితో గీకాడు. ఆమె చాట ఆపి అతని కేసి చూస్తూ ఉంది. నన్ను కాదయ్యా, ఆమెను చూడు, తలెత్తి ఆ ముఖంలోకి చూడు అని అరవాలనిపించింది. ఇన్నేళ్ళూ పాటల గొంతు పెంచుతూ బతికాను, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు గొంతు లేదు.

అతను తలెత్తేసరికి ఆమె చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.