అయ్యప్ప చేసిన కర్ర

అడవి పంది చెరకు తినే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఒక గడ నమిలి పోతే ఎవరూ ఏమీ అనుకోరు. పది గడలు విరిచి, నాలుగు చోట్ల కొరికి, మిగిలింది తొక్కి మరీ పోతుంది. రోలుగుంట అవతల కొండవారన చెరకు వేసే తాతబ్బాయికి ఈ పందులతో తండ్రి నాటినుంచీ వైరం. ఆ వైరంతో పాటే ఒక తుపాకీ కూడా సంక్రమించింది. గొట్టం మూతిలోంచి తుపాకీ మందు పోసి, కొబ్బరి పీచు పెట్టి, గుళ్ళు వేసి, మళ్ళీ పీచు పెట్టి కర్రతో కూరే పాతకాలపు తుపాకీ. పంట కాపలా కోసమని లైసెన్సు ఉంది. అందులో తాతబ్బాయి పేరూ, అతని భార్య దేముడమ్మ పేరూ ఉన్నాయి. ఎన్నికలొస్తే దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రావాలి. తిరిగి ఇచ్చేదాకా పందులకు పండగే.

ఆ తుపాకీతో కాపరం చేసే ఆ ఇంట్లో ఒక అలవాటుంది. లోపల మందు ఉన్నదీ లేనిదీ పైకి కనబడదు. ఒకరు కూరి వదిలేసిన దాంట్లో ఇంకొకరు కూరి పేల్చారంటే గొట్టం చీలి వేళ్ళు ఎగిరిపోతాయి. అందుకని కర్ర మీద కత్తితో ఒక గంటు పెట్టుకున్నారు. కర్రని గొట్టంలోకి వదిలితే గంటు సరిగ్గా మూతి అంచుకు దిగాలి. దిగితే ఖాళీ. గంటు పైనే నిలబడిపోతే లోపల మందుందన్నమాట. కూరినవాళ్ళు కూరామని చెప్పరు, రెండోవాళ్ళు అడగరు. కర్ర చెబుతుంది కదా అని ధీమా. ఆ మొగుడూ పెళ్ళాలు మిగతా సంగతులన్నీ వీధి వీధంతా వినేలా చెప్పుకుంటారు గానీ, ఈ ఒక్కటీ చెప్పుకోరు.

అలాంటి కర్ర కాస్తా మొన్నామధ్య రెండుగా విరిగింది. తాత్కాలికంగా ఒక వెదురు కర్రకి గంటు పెట్టి వాడుకుంటున్నారు. విరిగిన ముక్కల్ని మాత్రం తాతబ్బాయి అక్క కాసులమ్మ చీర కొంగున చుట్టి ఏటికొప్పాక పట్టుకుపోయింది. ఆమె మొగుడు అయ్యప్ప అక్కడ లక్కబొమ్మలు చేస్తాడు. కొత్త కర్ర చేసిపెట్టమని ఆమె మొగుణ్ణి అడగబోతోందని తాతబ్బాయికి తెలుసు. వద్దనలేదు.

వద్దనకపోవడానికి కారణముంది. బావ ఈ గడప తొక్కి ఆరేళ్ళయింది. తాతబ్బాయి కూతురు హాసినికి పుట్టువెంట్రుకలు తీయించిన రోజున, బంధువులంతా భోజనాలకు లేస్తుంటే, అయ్యప్ప గోడ మీది తుపాకీ దించి చేతిలోకి తీసుకున్నాడు. తాతబ్బాయి గబుక్కున లాక్కున్నాడు. “బొమ్మలు తిప్పే సేతులకిది లొంగదు బావా. ఇది పిల్లలాడుకునేది కాదు” అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యప్పా నవ్వాడు, భోంచేశాడు, చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ రాలేదు. కాసులమ్మ ఒక్కతే వచ్చి, ఒక పూట ఉండి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళేది. తాతబ్బాయికి ఉన్నది ఒక్క అక్క. ఆ మాట నోరు జారినందుకు అతను తనని తాను తిట్టుకోని నెల లేదు. కానీ వెళ్ళి చెప్పడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే బస్సు దిగి అయ్యప్పే వచ్చాడు. భుజాన పాత తుండుగుడ్డలో చుట్టిన పొడుగాటి కర్ర. దాన్ని అరుగు మీద విప్పాడు. నున్నటి కర్ర, దాని పొడుగునా ఎరుపూ పసుపూ ఆకుపచ్చా లక్క చుట్లు.

“బొమ్మలకేసే అంకుడు కర్ర మెత్తన, ఆగదు. టేకు తెచ్చేను,” అన్నాడు నేల చూస్తూ. “ఇంత పొడుగుది మర మీద ఎప్పుడూ తిప్పలేదు. పాతదాని పొడుగుకి ఎంటికవాసి తేడా లేదు. సూసుకో.”

తాతబ్బాయి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తుపాకీ కూరే కర్రకి ఎవరైనా రంగులేస్తారా? బావ వేశాడు. ఇంతకన్నా ఏం చెయ్యాలి ఒక మనిషి? ఇప్పుడు తన వంతు. లోపలికి వెళ్ళి తుపాకీ తెచ్చాడు. వెదురు కర్రని మూలకి తోసి, కొత్తదాన్ని గొట్టంలోకి వదిలాడు. పసుపు చుట్టు ఒకటి వచ్చి సరిగ్గా మూతి అంచున ఆగింది. బావ గంటుకి బదులు చుట్టు వేశాడు కాబోలు, ఎంత ముచ్చటైన పనితనం అనుకున్నాడు. మందు పోశాడు, పీచూ గుళ్ళూ వేశాడు, గట్టిగా కూరాడు. సుత్తి పైకి లేపి, దాని దెబ్బకి నిప్పు రాజేసే టోపీ కింద పెట్టి, తుపాకీని రెండు చేతులా ఎత్తి బావకి అందించాడు.

“నువ్వే పేల్చు బావా. అదిగో, గట్టు మీద పగిలిన కుండుంది.”

అయ్యప్ప ఒక్క క్షణం ఆగి అందుకున్నాడు. భుజానికెత్తాడు. చేతులు వణుకుతున్నాయి. సంతోషంతో కాబోలు అనుకున్నాడు తాతబ్బాయి.

దేముడమ్మ టీ గ్లాసులతో బయటికి వచ్చింది. “పేల్చేత్తన్నారేటి అన్నయ్యా? మంచిదే. తెల్లారి పందులొచ్చేయని కూరేను. నేనెల్లేసరికి పోయేయి. అది అలాగే ఉండిపోనాది.”

అంటే ఇప్పుడు గొట్టంలో ఒకదాని మీద ఒకటి రెండుసార్లు కూరిన మందుందని తాతబ్బాయికి అర్థమైంది. కేకేస్తే బావ ఉలిక్కిపడి మీట నొక్కేస్తాడు. రెండంగల్లో వెనకనుంచి వెళ్ళి, టోపీకీ పైన లేచి ఉన్న సుత్తికీ మధ్య బొటనవేలు దూర్చాడు. అప్పుడే అయ్యప్ప కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. సుత్తి వేలి మీద పడింది. పేలలేదు.

అయ్యప్ప కళ్ళు తెరిచి చూశాడు. అతనికి కనబడింది ఒకటే, తన చేతిలోని తుపాకీ మీద తాతబ్బాయి చెయ్యి. మెల్లగా దాన్ని వదిలేశాడు.

“ఆరేళ్ళయినా అంతేనేటి,” అని చెప్పుల కోసం వెతుక్కోసాగాడు.

“అది కాదు బావా. కూరిందాని మీదే మళ్ళీ కూరేసేను. తప్పు నాది. పేలుంటే నీ సెయ్యి...”

“కూరేముందు కర్ర ఎయ్యలేదేటి?”

“ఏసేను.”

“మరేటి సెప్పింది?”

తాతబ్బాయి గోరు కింద నల్లబడుతున్న నెత్తుటిని చూసుకుంటూ నిలబడ్డాడు. కర్ర ఏం చెప్పిందో చెప్పాలంటే బావ పనితనాన్ని అనాలి. ఒకసారి అన్నందుకు ఆరేళ్ళు పోయాయి. కానీ అయ్యప్ప చేతిపని మనిషి. కర్ర అందుకుని గొట్టంలోకి వదిలాడు. జానెడుకి పైగా బయటే నిలబడిపోయింది. దాన్ని బయటికి లాగి, మూలనున్న వెదురు కర్ర తెచ్చి, కొసలు కలిపి పక్కన పెట్టాడు. దాని గంటు చూశాడు, దానికి నాలుగు వేళ్ళ కిందుగా ఉన్న తన పసుపు చుట్టు చూశాడు. మొహం పాలిపోయింది.

“పాతదాని మీద గంటు సూసి, అరిగి పడిన గీతనుకున్నాను. ఇవి ఊరికే అందానికేసినియ్యి, తాతబ్బాయ్.”

ఆ మాట తాతబ్బాయికి వేలి కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇక కూరింది తియ్యాలి. ముందు టోపీ తీసి పారేశారు. గొట్టంలో నీళ్ళు పోసి మందు నానబెట్టారు. పీచు లాగడానికి వెదురు కర్ర చివర బిగించే ఇనప మెలిక ఒకటి ఉంది. వాచిన వేలితో తాతబ్బాయి దాన్ని పట్టుకోలేకపోయాడు. అయ్యప్ప గొట్టాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పడం మొదలెట్టాడు. పీచు, గుళ్ళు, మళ్ళీ పీచు, బురదలాంటి మందు. దాని కింద తెల్లారి దేముడమ్మ కూరింది. అదీ వచ్చేసింది. వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె గుడ్డ లాగేసరికి మధ్యాహ్నమైంది. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

“ఇప్పుడు సరిగ్గా కూరి ఇత్తాను. పేల్చు బావా,” అన్నాడు తాతబ్బాయి.

“వద్దు.”

“కోపమేటి?”

“కోపం కాదు. నాకా సప్పుడంటే బయ్యం. దీపావళికి గుమ్మం దాటను, మీ అక్కనడుగు.”

తాతబ్బాయి తెల్లబోయాడు. “మరి ఇందాక భుజానికెందుకెత్తేవు?”

“ఆరేళ్ళకి నువ్వు నీ సేత్తో ఇత్తంటే వద్దనడం బాగుంటాదేటి?”

“ఆనాడు గోడ మీంచి దించేవు కదా?”

“పేల్చడానికేటి? ఈ ఎనక సెక్క ఎలా సెక్కేరో, ఏ కర్రో, తడిమి సూద్దారని దించేను. సూసేలోపే లాక్కున్నావు.”

దేముడమ్మ అరుగు మీద చతికిలబడింది. “అయ్యో అన్నయ్యా, ఆ మాట ఆనాడే సెప్పొచ్చు కదా.”

“నన్నడిగినోళ్ళేరమ్మా,” అన్నాడు అయ్యప్ప.

తాతబ్బాయికి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. ఏదీ పైకి రానివ్వలేదు. ఆరిన తుపాకీని తీసుకొచ్చి బావ ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

“సూడు బావా,” అన్నాడు. “ఏ కర్రో మాకూ తెలీదు. సెప్పు.”