జున్నుది ఏ జాతి

మౌళి మాష్టారు లంబసింగి నుంచి స్కూటర్ మీద వస్తూంటే ఘాట్ దిగిన చోట రోడ్డు పక్కన దొరికిందా కుక్కపిల్ల. ఎవరి కారులోంచి జారిందో, ఎవరు కావాలని దింపేశారో తెలీదు. చొక్కాలో దోపుకుని నర్సీపట్నం తెచ్చేశాడు. ఆయన భార్య చిన్మయి దాన్ని చూసి "జున్నుముక్కలా ఉంది" అంది. అదే పేరైపోయింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ అద్దింట్లో అంత సందడి ఎప్పుడూ లేదు.

ఏడాది తిరిగేసరికి జున్నుది ఏ జాతో తేల్చడం వీధిలో అందరికీ కాలక్షేపం అయింది. ముక్కు పొడుగు. చెవులు నిలబడి కొసల దగ్గర వాలిపోయేవి. మెడ చుట్టూ తెల్లటి జూలు, పాదాలు నాలుగూ తెలుపు, తోక మాత్రం ఊరకుక్కలా వీపు మీదికి చుట్టుకునేది. పాలుపోసే మత్స్యరాజు పామరేనియన్ అన్నాడు. స్టాఫ్ రూంలో ఫొటో చూపిస్తే నారాయణమూర్తి గారు, "వీధికుక్కేనండీ. మీరు అన్నం ఎక్కువ పెడుతున్నారు, అంతే" అని నవ్వారు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు మౌళికి గుచ్చుకుంది. ఫోన్లో ఏదో యాప్ పెట్టి ఫొటోలు తీశాడు. పక్కనుంచి తీస్తే ఒక జాతి చెప్పింది, ఎదురుగా తీస్తే ఇంకోటి చెప్పింది. చివరికి ఒంటి రంగు చూసి, నుదురు చూసి లాబ్రడార్ క్రాస్ అని తనే తేల్చేశాడు. ఆనాటి నుంచి ఎవరడిగినా అదే మాట.

"లాబ్రడార్‌కి ఇంత జూలు ఎక్కడిదండీ?" అంది చిన్మయి. "గొర్రెల్ని కాసే పొడుగు ముక్కు కుక్కల్ని టీవీలో చూపిస్తారే, దీని మొహం అలా ఉంది."

"నీకు తెలీదులే" అన్నాడు మౌళి.

రెండో ఏడు వానల్లో జున్నుకి గజ్జి పట్టింది. మోచేతుల దగ్గర మొదలై పొట్ట దాకా బొచ్చు రాలిపోయింది. గోక్కుని గోక్కుని నెత్తురు కారేది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ సింహాద్రమ్మ మెట్ల దగ్గర నిలబడి అంది:

"మా మనవలకి అంటుకుంటాది బాబూ. బేగి తగ్గించుకోండి. నేకపోతే ఎక్కడైనా ఇడిసిపెట్టీండి."

మర్నాడు చిన్మయి తను పనిచేసే స్కూలుకెళ్లాక మౌళి సెలవు పెట్టి ఒక్కడే జున్నుని ఆటోలో ప్రైవేటు పశువుల డాక్టరు ధర్మతేజ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన దాని చర్మం గీకి చూశాడు.

"రెండు దార్లున్నాయి మాష్టారూ. వారం వారం మందు నీళ్లతో స్నానం చేయిస్తే మూడు నెలలు పడుతుంది. ఇంజెక్షన్ అయితే త్వరగా తగ్గుతుంది. కానీ గొర్రెల్ని కాసే కోలీ జాతి రక్తం ఉన్న కుక్కలకి ఆ మందు మెదడుకెక్కుతుంది. దీని ముక్కూ జూలూ చూస్తే నాకు అనుమానంగా ఉంది. తల్లిదండ్రులేవో మీకు తెలుసా?"

నోటి దాకా వచ్చింది, రోడ్డు మీద దొరికిందని. అంతలో స్టాఫ్ రూం గుర్తొచ్చింది. సింహాద్రమ్మ మాట గుర్తొచ్చింది.

"లాబ్రడార్ క్రాస్ అండీ" అన్నాడు.

"ఖాయమేనా?"

"ఖాయమండీ."

ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు జున్ను డాక్టరు చెయ్యి నాకుతూ నిలబడింది.

సాయంత్రానికి నడక తూలింది. నీరసం అనుకున్నాడు. తెల్లారి చిన్మయి పిలిస్తే తోకాడించి ఆమె వైపు రాబోయి గోడకి గుద్దుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా వణుకు. డాక్టరు పరుగున వచ్చి సెలైన్ పెట్టాడు. విరుగుడు మందంటూ లేదని, ఒంట్లోంచి దానంతటది పోవాలని చెప్పాడు. రెండ్రోజులు చిన్మయి దాని తల ఒళ్లోంచి దించలేదు. మూడోనాడు మధ్యాహ్నం డాక్టరు చూస్తుండగానే ఊపిరి ఆగిపోయింది.

"అంటే అది కోలీయేనాండీ?" అని అడిగాడు మౌళి.

"చెప్పలేను మాష్టారూ. కొన్ని మామూలు కుక్కలకీ పడదు. రూపం చూసి తేల్చేది కాదిది. అందుకే మిమ్మల్ని అడిగాను."

చిన్మయి తలెత్తింది. "ఏమడిగారు?"

డాక్టరు మౌళి వైపు చూశాడు. మౌళే చెప్పాల్సొచ్చింది. అడిగిందీ, తను చెప్పిందీ మొత్తం చెప్పాడు.

ఆమె తిడుతుందేమో అని చూశాడు. తిట్టలేదు. "తెలీదు అని అనలేకపోయారా?" అంది, అంతే. ఒళ్లోని తలని మెల్లగా దుప్పటి మీద పెట్టి లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

మాకవరపాలెం దగ్గర తెలిసినవాళ్ల జీడితోటలో పాతిపెట్టి వచ్చేసరికి మెట్ల మీద సింహాద్రమ్మ కూర్చుని ఉంది. కళ్లు తుడుచుకుంటూ, "నాను ఆ మాట అనకపోతే బాగున్ను బాబూ" అంది.

మీ తప్పేం లేదని ఆవిడతో అనాలి. అంటే తప్పు ఎవరిదో కూడా చెప్పాలి. మౌళి ఆవిణ్ణి దాటుకుని పైకెళ్లాడు. గది తలుపు ఇంకా వేసే ఉంది. తట్టడానికి చెయ్యెత్తాడు గానీ తట్టలేకపోయాడు. ఆ గుమ్మం ముందే, చేతులకి మట్టితో, అలా కూలబడిపోయాడు.