అక్క కడిగిన తొట్టి

లిఫ్టు మెకానిక్‌కు సెలవు దొరికేది ఒక్క ఆదివారమే. ఆ రోజు కాస్త నడుం వాల్చుదామంటే చేపల తొట్టి పని ఉండేది. కావాలని ఏడ్చి మరీ కొనిపించుకుంది కూతురు. నెల తిరక్కుండానే దాని మోజు తీరిపోయింది. భార్య మొదటిరోజే తేల్చి చెప్పేసింది: "మనుషులకి చేసే చాకిరీ చాలు. చేపల జోలికి మాత్రం నన్ను లాగకండి."

అలా అదీ అతని నెత్తినే పడింది. పైపుతో నాలుగోవంతు నీళ్లు బకెట్‌లోకి తీసి, అద్దానికి పట్టిన పాకుడు గీకి, ఫిల్టర్‌లోని స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పోసేవాడు. పెద్ద పనేం కాదు. కానీ అది అయ్యేసరికి ఆదివారం కూడా అయిపోయేది.

కుట్టుపని చేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక అతని అక్క వీళ్లింటికి వచ్చేసింది. ఒంటరి మనిషి. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. గిన్నెలు తోమబోతే మరదలు లాక్కునేది, "మీరు కూర్చోండి వదినా" అంటూ.

ఆ ఆదివారం ఏదో ఆసుపత్రిలో లిఫ్టు మొరాయించిందని ఫోనొస్తే అతను పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం దాటాక కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ముందు గదిలో తొట్టి తళతళలాడుతోంది. పక్కనే అక్క.

"చూశావురా? నువ్వొచ్చేసరికి అయిపోవాలని పొద్దున్నుంచీ దీంతోనే ఉన్నా. రాళ్లతో సహా కడిగేశా."

"దేంతో కడిగావక్కా?"

"సబ్బు తగలనివ్వలేదులే, ఆమాత్రం తెలుసు. కుళాయి కింద పెట్టి రుద్దా. ఆ స్పాంజి ఎంత జిడ్డురా బాబూ!"

"నీళ్లు?"

"అన్నీ కొత్తవే."

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కూతురు బుంగమూతి అని పిలిచే లావుపాటి చేప ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఆకలేమో..." అంది అక్క, గొంతు తగ్గించి.

"ఊపిరాడ్డం లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బాత్రూమ్‌లో నిన్న నీళ్లు పట్టి పెట్టిన బకెట్ ఏది?"

"నిలవ నీళ్లు కదాని వాటితో ఇల్లు తుడిచేశా."

కోప్పడదామన్నా, నవ్వుదామన్నా ఒంట్లో శక్తి లేదు. భుజాన సంచీ కూడా దించకుండా అల్మారాలోంచి క్లోరిన్‌కు విరుగుడు మందు తీసి తొట్టిలో పోశాడు. గాలి పంపు వేగం పెంచాడు. తర్వాత చేసేదేమీ లేక నేలమీద చతికిలబడ్డాడు.

"తిట్టరా. నాలుగు తిట్టేస్తే పోతుంది."

"ఓపిక లేదక్కా."

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. "నీ చేతికి కాస్త పని తగ్గిద్దామనుకున్నా. ఈ ఇంట్లో నన్ను గరిటె కూడా ముట్టుకోనివ్వరు. చుట్టంలా ఎన్నాళ్లు కూర్చోనురా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య ఆ మాట విన్నది.

సాయంత్రానికి రెండు చేపలు పోయాయి. అందులో బుంగమూతి ఒకటి. వారాల తరబడి తొట్టివైపు తొంగిచూడని పిల్ల, వెక్కి వెక్కి ఏడ్చింది. "నావల్లే పోయాయమ్మా" అని అత్తే చెప్పింది. ఆ పూట పిల్ల ఆమెతో మాట్లాడలేదు.

మిగతావి బతికాయి గానీ, స్పాంజికుండే ఆ జిడ్డులోనే నీళ్లను బాగుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి; కుళాయి కింద అవన్నీ పోయాయి. అవి మళ్లీ పట్టేదాకా రోజూ కొంచెం నీళ్లు మార్చాలి. డ్యూటీ దిగి వచ్చి అతను పైపు అందుకోబోతే అక్క ఇవ్వలేదు.

"నువ్వు చెప్పు. నేను చేస్తా. తప్పయితే కేకలెయ్యి."

మొదటిరోజు నీళ్లు దిగడానికి పైపు పీల్చబోయి గుక్కెడు మింగేసింది. "ఛీ ఛీ! ఇన్నాళ్లూ ఇవి తాగావట్రా?" అంటే, గదిలోంచి పిల్ల కిసుక్కుమంది.

మర్నాడు మరదలు తనే వచ్చి అడిగింది. "వదినా, రేపట్నుంచి పొద్దుటి వంట మీరు చూస్తారా? నాకూ ఇంకాసేపు పడుకోవాలనుంది."

"ఆ ముక్క ముందే అడగొచ్చుగా!" అంది అక్క, అద్దం గీకుతూనే.

తర్వాతి ఆదివారం అతను గోడకు చేరగిలబడి, మందు ఎంత వెయ్యాలో చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిపోయాడు. అక్క ఒకసారి పిలిచింది. పలకకపోయేసరికి సీసా మీద ఉన్నది తనే కూడబలుక్కుని చదివి, కొలిచి పోసింది.