ఆడమనిషి గంట

"కాఫీ కాఫీలా లేదు," అంది సిడొనీ, గిన్నె మూతికి ఆనించి, తాగకుండానే.

"మరెలా ఉంది?"

"పక్కింటివాళ్ళు తాగి వదిలేసినట్టుంది."

ఫిలొమెన్ అత్తగారి చేతిలోంచి గిన్నె తీసుకుని, వెన్న రాసిన రొట్టెముక్కను అందులో ముంచి, మెత్తబడ్డాక నోటికందించింది. ఎడమచేత్తో గడ్డం కింద గుడ్డ పట్టుకుంది. ముసలామె నములుతూనే కర్రతో నేలమీద కొట్టింది. కిటికీ తలుపు తెరవమని. తెరిచింది. ఇంకోసారి కొట్టింది. చలేస్తోంది, మూయమని. మూసింది.

ఆరేళ్ళుగా పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఫిలొమెన్‌కు యాభై దాటాయి. పొట్టి మనిషి, కుడి భుజం ఎడమదానికంటే కాస్త ఎత్తు. అది గంటతాడు చేసిన పని. చర్చిలో గంట కొట్టేది మొదట ఆమె భర్త. యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కినవాడు తిరిగి రాలేదు. అతను పోయాక తాడు ఆమె చేతికొచ్చింది, అత్తగారూ ఆమె చేతికొచ్చింది. రెండూ బరువే. తాడు నయం, మాట్లాడదు.

ఇవి చాలవన్నట్టు ఇప్పుడు సినిమావాళ్ళొకరు. పారిస్ నుంచి మూడు లారీల్లో దిగి, ఊరిని తమ ఇల్లు చేసుకున్నారు. ప్రార్థన చెయ్యలేకపోతున్న ఓ పల్లెటూరి ఫాదర్ కథట. నవలగా వచ్చిందట ముందు. ఊరి ఫాదర్ ఆ నవల చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మూడో రోజు చర్చి తాళాలు వాళ్ళకిచ్చేశాడు. అప్పట్నుంచీ కోళ్ళను గంపల కింద మూయాలి, బండి తోలకూడదు, మధ్యాహ్నం గంట కొట్టకూడదు, శబ్దం పట్టే యంత్రానికి అడ్డమట. పొలాల్లో మగవాళ్ళు గంట వినబడక ఆలస్యంగా వచ్చి, చల్లారిన సూప్ చూసి తిట్టేది మాత్రం దర్శకుణ్ణి కాదు, ఫిలొమెన్‌ను.

ఆవేళ దర్శకుడు స్వయంగా వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ పళ్ళు నొప్పెడుతున్నట్టుండే మనిషి.

"మేడమ్, ఈరోజు మీరు చావుగంట కొట్టాలి. కథలో ఒకావిడ చనిపోతుంది. ఫాదర్‌కు ఆ గంట వినబడుతుంది, అయినా వెళ్ళలేకపోతాడు."

ఫిలొమెన్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. "ఎవరూ పోకుండా చావుగంట కొట్టనయ్యా."

"మీ ఫాదర్‌గారు ఒప్పుకున్నారే."

ఫాదర్ పక్క ఊళ్ళో పూజకు బయల్దేరుతూ సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నాడు. ఆమె పరుగెత్తి వెళ్ళి అడిగితే తలెత్తలేదు. "కొట్టు ఫిలొమెన్. ఆ కథలో ఉన్నది అబద్ధం కాదు," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో మగవాడు పోతే మూడేసి దెబ్బలు, ఆడమనిషి పోతే రెండేసి. ఆ తర్వాత నెమ్మదైన మోత. చావింటికి ఎవరినీ పిలవరు. పిలిస్తే అవమానం, పిలిచినవాళ్ళకీ వెళ్ళినవాళ్ళకీ. గంటే పిలుపు. అది విని ఊరంతా వచ్చి, ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు దీవించిన పచ్చకొమ్మను పవిత్రజలంలో ముంచి శవం మీద చల్లుతారు. సిడొనీకి లోకంలో మిగిలిన ఆశ అదొక్కటే. తన గంటకు ఊరు మొత్తం రావాలి. ఫలానా ఇంటివాళ్ళు ముందు, ఫలానావాళ్ళు వెనక అని వరస కూడా ఎప్పుడో తేల్చేసింది. చలికాలంలో ఫాదర్ మూడుసార్లు వచ్చి చావుకు దగ్గరైనవాళ్ళకు పూసే అవస్థ నూనె రాస్తే, మూడుసార్లూ లేచి కూర్చుని కాఫీ బాగాలేదంది.

ఫిలొమెన్ తాడు పట్టుకుంది. రెండు దెబ్బలు. ఆగి, మళ్ళీ రెండు.

బయట కెమెరా ముందు ఫాదర్ వేషంలో, నల్ల అంగీతో, కుర్ర నటుడు రెమీ మెల్లగా నడుస్తున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో రొట్టెల దుకాణం ఆవిడ పిండి చేతులతో, ఎదురింటి ఒజెనీ నల్లశాలువా భుజాన వేసుకుంటూ, వెనకాల మరో పదిమంది పరుగున వచ్చి కెమెరాకు అడ్డం పడ్డారు.

"ఎవరే? ఎవరు పోయారే ఫిలొమెన్? మీ అత్తేనా?"

"ఎవరూ పోలేదు. సినిమా."

ఒజెనీ శాలువా లాగి చంకలో కుక్కుకుంది. "సినిమానా! పొయ్యిమీద పాలు వదిలేసి వచ్చాను కదే! సిగ్గు లేకపోతే సరి. రేపు బాప్తిస్మానికి కూడా కొడతావా చావుగంట?"

"నన్నంటావేం, ఆయన్ని అను."

దర్శకుడు నుదురు పట్టుకుని ఓ మనిషిని ఇంటింటికీ పంపాడు. ఈరోజు ఏ గంట మోగినా ఎవరూ బయటికి రావద్దు, అది సినిమా. ఆ మనిషి కాఫీ తాగమన్న ప్రతి ఇంట్లోనూ తాగుతూ తిరిగి ఊరంతటికీ చెప్పొచ్చాడు.

ఆ కాస్త విరామంలో ఫిలొమెన్ ఇంటికి పరుగెత్తింది. సిడొనీ దిండుకు ఆనుకుని, కళ్ళు మిటకరించి చూస్తోంది.

"ఎవరే పోయింది? రెండేసి విన్నాను."

"ఎవరూ పోలేదత్తయ్యా. సినిమావాళ్ళకి."

"ఆడమనిషి గంట, ఆడమనిషి లేకుండానా?" ముసలామె కర్ర అందుకుంది. "నాకున్నది ఆ గంటొక్కటే కదే. దాన్ని కూడా ఆటబొమ్మ చేసేశావా. రేపు నాకు కొడితే ఎవరు నమ్ముతారే?"

పొద్దున్నుంచీ పళ్ళబిగువున ఆపుకున్నదంతా ఒక్కసారి తెగింది. "ముందు మీరు పోండి! తర్వాత చూద్దాం, ఎవరొస్తారో!"

అనేసింది. సిడొనీ కర్ర కూడా కొట్టలేదు. గోడవైపు తిరిగింది. ఫిలొమెన్ దుప్పటి సర్ది, ఏదో చెప్పబోయి, బయట ఎవరో పిలుస్తుంటే వెళ్ళింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టిందో! ఓసారి మబ్బు అడ్డమొచ్చింది, ఓసారి ఆవు అరిచింది. ఓసారి రెమీ మొహంలో బాధ కనబడిందట. "భావం వద్దు రెమీ. నడువు, చాలు," అన్నాడు దర్శకుడు. చివరికి తాడు దగ్గరికీ వచ్చాడు. "మేడమ్, కాస్త దుఃఖం తగ్గించి కొట్టగలరా?"

"నేను కలిపింది కాదయ్యా అది. పోత పోసినప్పుడే పడింది. తగ్గించాలంటే కరిగించుకోండి."

పొద్దు వాలుతుండగా చాలన్నారు. దీపాలు విప్పి లారీలకెక్కించసాగారు. పని అయిపోయిందని ఇంటింటికీ చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

ఫిలొమెన్ ఇంటికొచ్చి, పొయ్యిలో బొగ్గు కదిపి, "కాఫీ పెట్టనా అత్తయ్యా?" అంది. పొద్దుటి మాటకు ఆమెకు చేతనైన క్షమాపణ అది. జవాబు రాలేదు. అలిగిందనుకుంది. ఆదివారాలకని దాచిన మంచి కాఫీగింజ కాస్త ఎక్కువే వేసి కాచి, గిన్నెతో మంచం దగ్గరికెళ్ళింది.

సిడొనీ గోడవైపు తిరిగినట్టే ఉంది. చెయ్యి చల్లబడింది.

ఫిలొమెన్ గిన్నె కిందపెట్టింది. కళ్ళు మూసింది, దవడకు గుడ్డ కట్టింది, గడియారం ఆపింది, అద్దం మీద గుడ్డ కప్పింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. బల్లమీద కొవ్వొత్తి, పవిత్రజలం, పచ్చకొమ్మ పెట్టింది. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ గోడ పక్కన వేసింది. శవాన్ని ఒంటరిగా వదలకూడదు, గంటకు తప్ప. వెళ్ళి కొట్టింది. రెండు. మళ్ళీ రెండు. తర్వాత భుజం పీకేదాకా నెమ్మదైన మోత.

వచ్చి కూర్చుంది.

ఎవరూ రాలేదు.

వీధిలో ఓ తలుపు తెరుచుకుంది. "ఇంకా తెమల్లేదా వీళ్ళ సినిమా!" అంటూ మళ్ళీ మూసుకుంది. ఫిలొమెన్ లేచింది. ఎదురింటి గుమ్మం పదడుగులు. వెళ్ళి చెబితే చాలు. కానీ పిలిస్తే వచ్చిన జనం లెక్కలోకి రారని సిడొనీ ఎన్నిసార్లు అని ఉంటుంది! కూర్చుంది. "చూశారా," అంది శవంతో, "పోయి కూడా నన్ను సాధిస్తున్నారు."

అప్పుడు తలుపు తట్టారు. రెమీ. ఇంకా నల్ల అంగీలోనే ఉన్నాడు, మెడ దగ్గర రంగు సగం తుడిచి ఉంది.

"అమ్మా, మా పని అయిపోయింది కదా. మరి గంట..." మంచం చూసి ఆగిపోయాడు. "నేను ఫాదర్‌ని కాదు," అన్నాడు.

"తెలుసు."

"నిజానికి నాకు... ఇవేవీ నమ్మకం కూడా లేదు."

"నిన్నెవరడిగారు బాబూ? కొమ్మ ముంచు, చల్లు. దానికి ఫాదరే కానక్కర్లేదు. చెయ్యున్నవాళ్ళెవరైనా చాలు."

పగలంతా ఒక్క తడబాటు లేకుండా నడిచినవాడు ఇప్పుడు కొమ్మ ఎత్తలేక ఎత్తాడు. నీళ్ళు దుప్పటి మీదకంటే అతని చేతిమీదే ఎక్కువ పడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఇంకేం చెయ్యాలో తెలియక అలాగే ఉన్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ముసలావిడ మంచం దగ్గర కూడానా మీ సినిమా!" ఒజెనీ. కిటికీలోంచి అంగీ చూసి, చేతిలో గరిటెతో వీధి దాటి వచ్చింది. "బతికున్న మనిషిని పడుకోబెట్టి శవంలా తీస్తారా? ఏమయ్యా, నీకు అమ్మ లేదూ? ఏమే ఫిలొమెన్, ఎంతిస్తున్నారే నీ..."

దవడకు కట్టిన గుడ్డ చూసింది. ఆగిన గడియారం చూసింది.

"నిజంగానా?" అంది చిన్నగా.

"గంట కొట్టాను," అంది ఫిలొమెన్. "రెండేసే కొట్టాను." అప్పుడు వచ్చింది ఏడుపు.

ఒజెనీ గరిటె ఎక్కడో పెట్టింది, రెమీ చేతిలోంచి కొమ్మ తీసుకుని చల్లింది. తర్వాత గుమ్మంలో నిలబడి వీధి వీధంతా దద్దరిల్లేలా అరిచింది. "తలుపులు తియ్యండర్రా! సిడొనీ పోయింది! గంట నిజమే!"

పిలిచింది కాదు, తిట్టింది. కాబట్టి లెక్కలోకే వస్తుంది. రొట్టెల దుకాణం ఆవిడ వచ్చింది, పొలాల నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు టోపీలు చేతపట్టుకుని వచ్చారు, సిడొనీ వరసను ఎవరూ పాటించలేదు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్నారు. రెమీ ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. లారీలు కదిలిన చప్పుడు మాత్రం వినబడింది.

అందరూ వెళ్ళాక ఫిలొమెన్ బల్ల సర్దబోయింది. పవిత్రజలం గిన్నె పక్కన ఒజెనీ గరిటె ఉండిపోయింది, దాని అంచున ఉల్లికాడ ముక్క ఒకటి ఎండి అంటుకుని ఉంది.