సబ్బుతో కడిగిన రాయి

వంటింటి గట్టు మీద, తోమిన గిన్నెల పక్కన నా రాయి ఆరబెట్టి ఉంది. లావుపాటి కొవ్వొత్తి ముక్కంత రాయి. దగ్గరికి వెళ్తే నిమ్మకాయ సబ్బు వాసన. దసరాకు ఇల్లంతా కడుగుతున్నాం. పొద్దుటి నుంచి డాబా మీద పరుపులు ఎండేసి, కర్టెన్లు ఉతికి నేను కిందికి దిగేసరికి మా అత్త నర్సింహమ్మ చేతులు తుడుచుకుంటోంది. "ఏం జిడ్డు బిడ్డా, రుద్ది రుద్ది చేతులు గుంజుతున్నయ్" అంది. రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

పెట్రోలియం ఇంజినీరింగులో పీహెచ్‌డీ అంటే మా కాలనీవాళ్ళు బంకు ఎప్పుడు పెడతావని అడుగుతారు. భూమిలో నూనె రాతి సందుల్ని పట్టుకుని ఉంటుంది, ఎంత తోడినా సగం పైన అక్కడే ఉండిపోతుంది. దాన్ని రాయి నుంచి ఎలా వదిలించాలన్నదే నా చదువు. ముందుగా రాయిని ముడి చమురులో వేసి, వెచ్చగా ఉంచుతూ వారాల తరబడి నానబెట్టాలి. ఇది ఆఖరి ప్రయోగం. ఇప్పటికే ఒకసారి గడువు పెంచమని బతిమాలుకున్నాను. సెలవుల్లో ఇబ్రహీంపట్నంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబుకు కరెంటు తీసేస్తారు. మా గైడు వేదవతి మేడం సిటీలోని తన యూనివర్సిటీ ల్యాబులో పెట్టుకుని, హాస్టల్లో ఉండి చూసుకోమంది. పండగ పూట ఇల్లొదిలి హాస్టల్లో ఉండే కోడలిని ఎక్కడా చూడలేదన్నాడు నా భర్త జైపాల్. నేను తలూపాను. నూనెతో పాటు స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి, వేడి పెట్టెతో సహా రాయిని ఇంటికి తెచ్చుకున్నాను.

జైపాల్ అదే కాలేజీలో మెకానికల్ లెక్చరర్. తన పీహెచ్‌డీ మధ్యలో మానేశాడు. అప్పటి నుంచి పదిమందిలో నన్ను డాక్టరమ్మా అని పిలిచి, కూరలో ఉప్పు తక్కువైందంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతూ ఉప్పు డబ్బా తెస్తాను. నన్ను చదువుకోనిచ్చిన తన తమ్ముడిది ఎంత పెద్ద మనసో అని మీర్‌పేట్ నుంచి వచ్చినప్పుడల్లా ఆడబిడ్డ గుర్తుచేస్తుంది. కాలేజీ నుంచి ఇద్దరం ఒకే బండి మీద వస్తాం, ఆయన దిగి సోఫాలో కూర్చుంటాడు, నేను చీర కొంగు దోపుకుని స్టవ్ వెలిగిస్తాను. అలసటలో కూడా ఆయనదే పెద్ద వాటా. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అయినా ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది అత్త మీదే. ఆ డబ్బా ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను అని గొంతు పెంచాను. ఆమె బిత్తరపోయింది.

"నేనెందుకు ముట్టుకుంట బిడ్డా. జైపాలే మూత ఇప్పి ఇచ్చిండు. ఉత్త నీళ్ళతోని పోదమ్మా, సబ్బు పెట్టి రుద్దు అన్నడు."

నేను అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. సబ్బులాంటి మందు తగిలితే రాయి నూనెను ఎలా వదిలేస్తుందో నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఉంది. అందులో అచ్చుతప్పులు దిద్దింది జైపాలే. దిద్దుతూ, బాగానే రాసినవ్ అని కూడా అన్నాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మేడంకు ఫోన్ చేశాను. ఇంకో రాయి ఉందంది, మొదటి నుంచి మొదలుపెట్టాలంది. హాస్టల్లో గది ఇంకా ఖాళీగానే ఉంది. అత్త చేతికి కొబ్బరినూనె రాసి, లోపలికెళ్ళి బట్టలు సర్దుకున్నాను.

జైపాల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రాయి గురించి ఒక్క మాట అడగలేదు. అయ్యో అని నటించను కూడా లేదు.

"ఎన్ని రోజులు?"

"రాయికి నూనె పట్టేదాంక."

"రేపు అక్కోళ్ళు వస్తున్నరు. వంటెవరు చేస్తరు? గిన్నెలెవరు తోముతరు?"

బ్యాగు జిప్పు లాగి భుజానికి వేసుకున్నాను.

"నువ్వే. ఏ జిడ్డు దేనితోని పోతదో నీకు మంచిగ తెల్సు గద."